ఆటోనగర్‌లో పాత పార్టు కొనేముందు నేను చూసేవి

మా ఇంట్లో ఉన్నది 1998 మోడల్ మారుతీ 800, కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి. మా బావగారి దగ్గర కొన్నాను. ఇప్పటికీ రోజూ కాలేజీకి దాని మీదే వెళ్తాను. నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ని కాబట్టి, "మాస్టారూ, దీనికి సామాన్లు ఎక్కడ తెస్తారు?" అని పిల్లలూ వాళ్ల నాన్నలూ అడుగుతూనే ఉంటారు. ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు లాంటివి కొత్తవే దొరుకుతాయి, కొత్తవే వేస్తాను. మిగతా వాటికి విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల లైనుకి వెళ్తాను.

అక్కడికి వెళ్లే చాలామంది బేరం ఎలా ఆడాలో నేర్చుకుని వెళ్తారు. పార్టు ఎలా చూడాలో నేర్చుకుని వెళ్లేవాళ్లు తక్కువ. నా లెక్కలో రెండోదే ముఖ్యం. ప్రతి పార్టు మీదా ఏదో ఒక రాత ఉంటుంది. నంబరు కావచ్చు, అరుగుదల కావచ్చు, మట్టి గీత కావచ్చు. అది చదవడం వస్తే షాపులో ఎవరు ఏం చెప్పినా కంగారు పడక్కర్లేదు. ఇంకోమాట కూడా ముందే చెప్తాను. కొత్త డూప్లికేటు పార్టు, బండిలోంచి తీసిన పాత ఒరిజినల్ పార్టు పక్కపక్కన పెడితే నేను పాతదే తీసుకుంటాను. అన్నిట్లో కాదు. ఏ వాటిలో కాదో కింద రాశాను.

800 విషయంలో మనకి ఒక సౌకర్యం ఉంది. మొదటి బండి 1983 డిసెంబరులో బయటికొచ్చింది, తయారీ 2014 జనవరిలో ఆగింది. ముప్పై ఏళ్ల పాటు తయారైన కారు కాబట్టి కటింగ్‌కి, అంటే విప్పి పార్టులుగా అమ్మడానికి, వచ్చే బండ్లకి కొదవ లేదు. అయితే "800ది" అనగానే ఏదైనా కూర్చుంటుందనుకోకూడదు. 1986లో బాడీయే మారిపోయింది, అంతకు ముందు బండి డోరు తర్వాతి బండికి పట్టదు. కార్బురేటర్ బదులు సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చాక వైరింగ్ కిట్టు, పెట్రోలు పంపు, ఇంజిన్ మీద సెన్సర్లు అన్నీ వేరైపోయాయి. కార్బురేటర్ బండికి పెట్రోలు పంపు ఇంజిన్ పక్కన ఉంటుంది, ఎంపీఎఫ్ఐ బండికి ట్యాంకులో ఉంటుంది. అందుకే షాపులో అడిగేటప్పుడు బండి పేరు ఒక్కటే చెప్తే సరిపోదు. ఏ సంవత్సరం, కార్బురేటరా ఎంపీఎఫ్ఐయా, గేర్లు నాలుగా అయిదా, ఈ మూడూ చెప్పాలి.

మారుతీ వ్యాను ఓమ్నీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఓమ్నీలోనూ 800లోనూ ఉన్నది ఎఫ్8బి ఇంజినే. 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు (సిలిండర్ వ్యాసం) 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 72 మిల్లీమీటర్లు. "రెండూ ఒకటే మాస్టారూ, కళ్లు మూసుకుని తీస్కెళ్లండి" అని షాపులో అంటారు. లోపలి సరుకు వరకు ఆ మాట చాలావరకు నిజం. పిస్టన్లు, వాల్వులు, బేరింగు షెల్స్ లాంటి వాటికి ఓమ్నీ సరుకు కూడా వెతుక్కోవచ్చు. కానీ 800లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, ముందు చక్రాల్ని తిప్పుతుంది. ఓమ్నీలో బండి పొడవునా పడుకుని వెనక చక్రాల్ని తిప్పుతుంది. కాబట్టి ఇంజిన్‌ని బండికీ గేరుబాక్సుకీ పట్టి ఉంచే ప్రతి పార్టునీ అనుమానంగా చూడాలి. గేరుబాక్సు, మౌంటింగులు, ఆయిల్ సంపు, మానిఫోల్డు ఇవన్నీ అందులోకే వస్తాయి. నేను తీసిన పాత పార్టుని సంచిలో వేసుకుని వెళ్తాను. రెండూ బల్ల మీద పెట్టి బోల్టు రంధ్రాల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) కొలుస్తాను. కంటికి ఒకేలా కనపడే రెండు బ్రాకెట్లలో రెండు మిల్లీమీటర్ల తేడా ఉండొచ్చు. ఆ రెండు మిల్లీమీటర్లతోనే బెల్టు వాలుగా తిరిగి తెగుతుంది.

నంబరు చదవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మారుతీ పార్టు నంబరులో మొదటి అయిదు అంకెలు అది ఏ రకం పార్టో చెప్తాయి. 16510తో మొదలైతే ఆయిల్ ఫిల్టరు, 13780 అయితే ఎయిర్ ఫిల్టరు. తర్వాత ఎం అనే అక్షరం, ఆ తర్వాత వచ్చేది ఏ మోడల్‌దో చెప్పే భాగం. కాబట్టి మొదటి అయిదూ కలిసి, వెనక భాగం కలవకపోతే అదే రకం పార్టే కానీ ఇంకో బండిది అయ్యుండొచ్చు. డైనమో (బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చేది) మీదా సెల్ఫ్ (ఇంజిన్‌ని స్టార్ట్ చేసే మోటారు) మీదా కంపెనీ ప్లేటు ఉంటుంది, లూకాస్ టీవీఎస్‌దో డెన్సోదో. దాని మీద మసి పట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే నంబరు కూడా పోతుంది. ప్లేటు పీకేసి ఉంటే ఎందుకు పీకారని తప్పకుండా అడగండి.

బేరింగు మీద నంబరైతే ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. చివరి రెండంకెలు 04, అంతకన్నా ఎక్కువ ఉంటే అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం సైజు వచ్చేస్తుంది. 6204 అంటే 20 మిల్లీమీటర్లు, 6205 అంటే 25. దానికి తక్కువ ఉన్నవి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. 00కి 10, 01కి 12, 02కి 15, 03కి 17. పాత బేరింగు మాత్రం కొనకండి. నంబరు రాసుకుని కొత్తది కొనుక్కోండి. పాత డైనమోలో బేరింగు అరుస్తోందని మంచి డైనమోని వదిలేసేవాళ్లని చూస్తుంటాను. ఆ నంబరు బేరింగు బజార్లో చవగ్గానే దొరుకుతుంది.

నేను ఎప్పుడూ వెళ్లే కొట్టు భాయ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. బండి కటింగ్‌కి వస్తే ముందు పానా, సాకెట్లూ బయటికి తీస్తాడు, గ్యాస్ కటింగ్ చివరికి. "గ్యాస్ పెడితే కేజీల లెక్క మాస్టారూ, పానా పెడితే పార్టు లెక్క" అంటాడు. నిజానికి ఆ వ్యాపారం కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అతని కొట్లో డోర్లు వరసగా తగిలించి ఉంటాయి. ప్రతి డైనమో మీదా అది ఏ బండిలోంచి వచ్చిందో సుద్దతో రాసి ఉంటుంది. అలా రాసి పెట్టే కొట్టు దొరికితే వదులుకోకండి. పార్టు ఏ బండిదో చెప్పగలిగినవాడు, ఆ బండి ఎందుకు కటింగ్‌కి వచ్చిందో కూడా చెప్పగలడు. వెనకనుంచి గుద్దించుకున్న బండైతే ఇంజిన్ పార్టులకి భయం లేదు. ముందు నుంచి గుద్దుకున్న బండైతే రేడియేటరు, స్టీరింగు ర్యాకు, లోయర్ ఆర్ములు ముట్టుకోను.

ఆ మధ్య నా బండికి సెల్ఫ్ కావాల్సి వచ్చింది. భాయ్ ర్యాకులోంచి రెండు తీసి నేల మీద పెట్టాడు. షట్టరు పక్కనే ఎప్పుడూ ఒక పెద్ద బ్యాటరీ, రెండు లావు కేబుళ్లు ఉంటాయి. మొదటిదాన్ని చెప్పు కాలితో అదిమి పట్టి, నెగటివ్ కేబుల్ని మోటారు ఒంటికి తగిలించాడు. పాజిటివ్‌ని సోలినాయిడ్ (సెల్ఫ్ మీదుండే కరెంటు స్విచ్) పెద్ద బోల్టు మీద పెట్టి, చిన్న వైరు ముక్కతో పక్కనున్న సన్న టెర్మినల్‌ని తాకించాడు. టక్కుమని పళ్ల చక్రం ముందుకి దూకింది కానీ మోటారు మూలుగుతూ నిదానంగా తిరిగింది. కేబుల్ మీద వేలు పెట్టి చూశాను, అప్పటికే వేడెక్కుతోంది. లోపల బుష్‌లు అరిగి ఆర్మేచరు (మోటారులో తిరిగే భాగం) పక్కకి రాసుకుంటే ఇలాగే ఉంటుంది. రెండోది అలా తాకించగానే దూకడం, రయ్యిమని తిరగడం ఒకేసారి జరిగాయి. దాన్ని చేతిలోకి తీసుకుని పళ్ల చక్రాన్ని వేళ్లతో తిప్పాను. ఒకవైపు సాఫీగా తిరగాలి, రెండోవైపు పట్టేయాలి. రెండువైపులా తిరిగితే మోటారు తిరుగుతుంది కానీ ఇంజిన్ తిరగదు. ఇది సరిగ్గా పట్టేసింది. పళ్ల కొసలు కూడా చూశాను. కొత్త పన్ను అంచు వాలుగా, శుభ్రంగా ఉంటుంది. నలిగిన పన్ను కొస గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. అన్నీ సరిపోయాక 1,200 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి విప్పి బ్రష్‌లు కొత్తవి వేశాను.

డైనమోకి ఇలాంటి పరీక్ష కొట్లో కుదరదు, దాన్ని తిప్పేదేమీ ఉండదు కదా. అందుకని పుల్లీని చేత్తో తిప్పి చెవి పెట్టి వింటాను, పక్కలకి ఊపి చూస్తాను. తర్వాత మల్టీమీటరు డయోడ్ సెట్టింగులో పెట్టి ఎర్ర వైరు ఒంటికి, నల్ల వైరు పెద్ద బోల్టుకి. ఒక వోల్టుకి అటూఇటూ చూపించాలి. వైర్లు మార్చి పెడితే ఏమీ చూపించకూడదు. రెండువైపులా దారిస్తే లోపల డయోడు పోయినట్టే. బండికి బిగించాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. కొనేటప్పుడే "బిగించి చూసి బాగోకపోతే తెస్తాను" అని మాట తీసుకోండి. మంచి కొట్టువాళ్లు కాదనరు.

సిలిండర్ హెడ్డు కొనేవాళ్లు తొందరపడకూడదు. అల్యూమినియం హెడ్డు వేడికి వంగుతుంది. స్టీలు స్కేలు అంచుని ముఖం మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి కింద ఫీలర్ గేజీ (సందు కొలిచే సన్న రేకులు) దూర్చాలి. 0.05 మిల్లీమీటర్ల రేకు సునాయాసంగా దూరితే లేత్ షాపులో ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) ఖర్చు కూడా బేరంలో కలుపుకోండి. నీళ్ల దారుల చుట్టూ తెల్లగా పొడి పట్టి, అంచులు తినేసి ఉంటే ఫేసింగ్‌తో కూడా లాభం లేదు. ఇంకో పాత పద్ధతి ఉంది. హెడ్డుని పక్కకి పడుకోబెట్టి పోర్టుల్లో కిరోసిన్ పోసి పదినిమిషాలు వదిలేయడం. వాల్వు పక్కనుంచి చెమ్మ దిగితే సీటు సరిగ్గా లేదన్నమాట, గ్రైండింగ్ పని ఉంటుంది. పిస్టన్లు ఉన్న బ్లాకు అయితే పిస్టన్ నెత్తి మీద మసి గీకి చూడండి. అక్కడ 0.25 అనో 0.50 అనో గుద్ది ఉంటే ఆ ఇంజిన్‌కి ఒకసారి రీబోరు (అరిగిన సిలిండర్‌ని చెక్కి పెద్దది చేయడం) అయిపోయిందని అర్థం. ఇంకెంత ఆయుష్షు మిగిలిందో ఆ అంకె చెప్తుంది.

బ్రేకు డ్రమ్ముల మీదా డిస్కుల మీదా కూడా అంతే. డ్రమ్ము మీద ఎంత వరకు అరగొచ్చో గరిష్ఠ కొలత పోతపోసి ఉంటుంది, డిస్కు మీద కనిష్ఠ మందం ఉంటుంది. వెర్నియర్‌తో కొలవండి. దానికి దగ్గరగా వస్తే వద్దు.

బోల్టుల గురించి ఎవరూ రాయరు, నేను మాత్రం రాస్తాను. మన హార్డ్‌వేరు షాపులో 10 మిల్లీమీటర్ల బోల్టు అడిగితే 1.5 మిల్లీమీటర్ల పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ఉన్నది ఇస్తారు. జపాన్ పద్ధతిలో తయారైన బండ్లలో అదే సైజు బోల్టుకి 1.25 పిచ్ ఉంటుంది. రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. "గట్టిగా ఉంది" అని పానాకి పైపు తగిలించి తిప్పితే మరలు మొత్తం పోతాయి. అందుకని కటింగ్ కొట్లో బోల్టుల డబ్బా కనపడితే నేను కూర్చుండిపోతాను. ఒరిజినల్ బోల్టులు, వాషర్లతో సహా, కేజీ లెక్కన వస్తాయి. నెత్తి మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉన్నవి వేరుగా పెట్టుకోండి, అది బలం లెక్క. మెడ దగ్గర సన్నబడినది, మరలు సాగినది పక్కన పడేయండి. హెడ్డు బోల్టులు, స్టీరింగు బోల్టులు మాత్రం ఆ డబ్బాలోంచి ఏరకండి.

బాడీ సామాన్లకి నా జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. డోరు కింది అంచు మీద, వీలు ఆర్చి చుట్టూ జరుపుకుంటూ పోతే పుట్టీ ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. లోపలివైపు ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగు చుక్కలు సమాన దూరంలో గుండ్రంగా ఉంటాయి, టింకరింగు పనిలో పెట్టినవి అలా ఉండవు. గాజుల మూల మీద కంపెనీ గుర్తు పక్కన తయారైన సంవత్సరాన్ని చెప్పే అంకె, చుక్కలు ఉంటాయి. అన్ని గాజులదీ ఒకటే అంకె ఉండి ఒక్కదానిది వేరుగా ఉంటే, ఆ వైపు బండికి ఏదో జరిగింది. చక్రాలు కొంటే బోల్టు రంధ్రాల వృత్తం కొలవాలి. నాలుగు రంధ్రాల చక్రానికి ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే చాలు. 800కి 114.3 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌కి 100. అందంగా ఉన్నాయని స్విఫ్ట్ చక్రాలు తెచ్చి 800కి బిగించమని మా పిల్లలు అడుగుతుంటారు, వాళ్లకి ఈ కొలతే చూపిస్తాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగిన తర్వాత నేను ఇంకో విషయంలో జాగ్రత్తగా ఉంటున్నాను. నీళ్లలో రోజుల తరబడి నిలిచిన బండి పార్టుని పైన కడిగితే కొత్తదానిలా కనపడుతుంది. కాబట్టి కడగలేని చోట్లు చూడాలి. కనెక్టరు విప్పి లోపల పిన్నుల మీద పచ్చటి పొడి ఉందా, హెడ్‌లైటు గిన్నె అడుగున సన్నటి బురద గీత ఉందా, డోరు మోటారు కప్పు కింద మన్ను ఉందా చూడండి. సీటు బెల్టుని చివరిదాకా లాగితే బురద మరక ఎంత ఎత్తు వరకు వచ్చిందో స్పష్టంగా కనపడుతుంది. అలాంటి బండిలోంచి డోర్లు, బానెట్టు, సీటు ఫ్రేములు తీసుకోవచ్చు. వైరింగ్ కిట్టు, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు), మోటార్లు వద్దు. ఈసీఎం అయితే మునగని బండిదైనా ఆలోచించాలి. ఐక్యాట్స్ అనే దొంగతనం అడ్డుకునే ఏర్పాటు ఉన్న మారుతీ బండ్లలో తాళంచెవికీ ఈసీఎంకీ జత కుదరకపోతే బండి స్టార్టవదు.

పాతవి ఎంత చవగ్గా వచ్చినా నేను కొనని వాటి సంగతి. ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు, బ్రేకు హోసులు, మాస్టర్ సిలిండరు, టైమింగ్ బెల్టు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు. వీటిలో కొన్నిటికి అరుగుదల బయటికి కనపడదు, కొన్నిటికి రబ్బరు వయసు కనపడదు. ఇవి ఫెయిలైతే ప్రాణం మీదికొస్తుంది. టైరు పక్కన నాలుగంకెలు చదివితే మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా ఆ అంకె పాతదైతే వదిలేయండి.

కాయితాల గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ బ్లాకు కొంటే దాని మీద నంబరు చెక్కుచెదరకుండా ఉండాలి. గ్రైండింగ్ పెట్టిన గుర్తులున్నా, మళ్లీ గుద్దినట్టున్నా అక్కణ్ణుంచి వచ్చేయండి. బండి ఆర్‌సీ జిరాక్సు, కొట్టు బిల్లు, దాని మీద ఇంజిన్ నంబరు, ఇవి లేకుండా డబ్బులివ్వకండి. ఇంజిన్ మార్చాక ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. దొంగ బండి పార్టు తెలిసి కొంటే కొన్నవాడి మీదా కేసే. మీరట్‌లో సోతీగంజ్ అనే పాత సామాన్ల బజారుని దొంగ బండ్లు కోస్తున్నారని 2021 చివర్లో పోలీసులు మూయించారు. అందులో కాయితాలతో నిజాయితీగా బతికేవాళ్లు కూడా నష్టపోయి ఉంటారని నాకు బాధగా ఉంటుంది. మీ బండిని మీరు కటింగ్‌కి ఇస్తున్నా ఇదే జాగ్రత్త కావాలి. ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించకుండా ఇచ్చేస్తే, ఆ నంబరు మీద రేపు ఏం జరిగినా మీ ఇంటికే వస్తారు. 2021 నిబంధనల కింద వచ్చిన రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, అది దాచుకోండి.

మా వర్క్‌షాపుకి కూడా అక్కణ్ణుంచే కొన్ని తెస్తాను. గేరుబాక్సుని సగానికి కోసి రంగులేసి పెడితే పిల్లలకి సింక్రో (గేర్లు సాఫీగా పడేలా చేసే భాగం) ఎలా పనిచేస్తుందో చేతికి తెలుస్తుంది. వైపరు మోటారు 12 వోల్టులది, నిదానంగా తిరుగుతుంది, బలం ఎక్కువ, ప్రాజెక్టులకి అంతకన్నా మంచి మోటారు ఆ ధరలో రాదు. లారీ కమాను పట్టీలైతే కమ్మరివాళ్లు పట్టుకుపోతారు. ఆ ఉక్కు కొడవలికీ కత్తిపీటకీ వేసిన పదును నిలుపుతుంది. మా అమ్మ వాడే కత్తిపీట కూడా అలాంటి పట్టీలోంచి వచ్చిందే.

మా దగ్గర చదివే పిల్లల్ని వీలున్నప్పుడు అక్కడికి తీసుకెళ్తాను. పార్టుని ముట్టుకోగానే ఏ బండిదో చెప్పే మనుషులు ఆ లైన్లో ఉన్నారు. వాళ్ల పక్కన ఒక పూట నిలబడితే, క్లాసులో నేను బోర్డు మీద గీసినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. వాళ్లలో చాలామంది పిల్లలు ఈ పనిలోకి రావట్లేదు. ఆ నేర్పు ఎక్కడా రాసి లేదు, అందుకే నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ప్రస్తుతం నా వెతుకులాట కార్బురేటర్ గురించి. 1998 బండికి సరిపడే ఒరిజినల్ మికుని కంపెనీ బాడీ కావాలి, థ్రాటిల్ షాఫ్టు (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ) వదులై ఆడనిది. షాఫ్టుని వేళ్లతో పైకీ కిందికీ కదిపితే కదలకూడదు. కదిలితే ఆ సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది, స్క్రూ ఎంత తిప్పినా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం) నిలవదు. ఇప్పటిదాకా చూసినవన్నీ ఆడుతున్నాయి. ఒకటి లేత్‌లో కొత్త బుష్ వేయించి ఉంది కానీ, సూటిగా వేయలేదు. గుంటూరు, విజయవాడ, ఏలూరు వైపు ఎవరి షెడ్డులోనైనా కదలని 800 నిలబడి ఉండి, దానికి కార్బురేటర్ ఇంకా ఉంటే చెప్పండి. వచ్చి చూసి, న్యాయమైన ధర ఇచ్చి తీసుకుంటాను.